స్వింగ్ పోయిందంటే ముందు బంతిని చూడండి

నిన్నటిదాకా గాలిలో వంపు తిరిగి స్లిప్ వైపు పోయిన బంతి ఇవాళ గీత గీసినట్టు సూటిగా పోతుంది. మీడియం పేస్ వేసే ప్రతి ఒక్కరికీ ఇలాంటి రోజు వస్తుంది. అది వచ్చినప్పుడు బౌలర్ అనుమానించేది తన చేతినే. మణికట్టులో ఏదో తేడా వచ్చిందనుకుంటాడు. సాయంత్రం గ్రౌండ్‌లో నలుగురు అన్నలు కూడతారు. చెయ్యి ఇంకా పైకి లేపమని ఒకరు, రనప్ తగ్గించమని ఒకరు, బంతి పట్టుకునే తీరు మార్చమని ఇంకొకరు చెప్తారు. అందరూ ప్రేమతోనే చెప్తారు. పిల్లవాడు అందరి మాటా వింటాడు. వారం తిరిగేసరికి పోయిన స్వింగ్ రాకపోగా, ఉన్న లైన్ కూడా చెడుతుంది.

బోధన్, నిజామాబాద్ మైదానాల్లో జిల్లా సెలక్షన్స్ కోసం చెమటోడ్చే పిల్లల కోసం, వాళ్ళకు నేర్పే అన్నల కోసం ఈ అధ్యాయం. ఇందులో నేను పట్టుబట్టేది ఒక వరుస గురించి. ముందు బంతి, తర్వాత వేగమూ లెంగ్తూ, తర్వాత చెయ్యి, చివరికి ఒళ్ళు. ఈ వరుసకు కారణం ఉంది. బంతిని మార్చి చూడటానికి నిమిషం పడుతుంది, తేడా లేకపోతే పాత బంతి మళ్ళీ తీసుకోవచ్చు, ఏమీ చెడదు. యాక్షన్ మార్చడానికి నెలలు పడుతుంది. అది కుదరకపోతే పాత యాక్షన్ అడిగినంత మాత్రాన తిరిగి రాదు. కాబట్టి సులువుగా పరీక్షించగలిగేదీ, వెనక్కి తీసుకోగలిగేదీ ముందు. కష్టమైనదీ, వెనక్కి రానిదీ ఆఖరున.

చెరకు ఆడిన బోధన్‌కు ఈ పద్ధతి కొత్త కాదు. 1937లో మొదలై 2015 చివర మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు అక్కడి శక్కర్‌నగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. రికవరీ సంగతి వాళ్ళనడగండి. వంద కిలోల చెరకు ఆడితే సుమారు పది కిలోల చక్కెర రావాలి. అది తగ్గిందనగానే ఎవరూ మిల్లు రోలర్లు విప్పరు. ముందు యార్డులో ఉన్న చెరకును చూస్తారు. కోసి ఎంతసేపైంది, ఎండకు వాడిందా, పక్వానికి వచ్చిందా అని. తర్వాత పిప్పిలో ఎంత తీపి మిగిలిపోతోందో పరీక్షిస్తారు. ఆ తర్వాత మడ్డి, మొలాసిస్. చక్కెర ఎక్కడ పోతోందో తేలాకే మిషను జోలికి వెళ్తారు. బౌలర్ చెయ్యి ఆ మిషను లాంటిది. దాన్ని విప్పే ముందు యార్డుకు పోయి రావాలి.

అసలు బంతి ఎందుకు తిరుగుతుందో నాలుగు మాటల్లో తెలుసుకుంటే మిగతాదంతా సులువు. కొత్త బంతి కుట్టును కాస్త స్లిప్ వైపు వంచి వేస్తే, ఎదురొచ్చే గాలి ఒక పక్కన కుట్టుకు తగిలి చెదురుతుంది. రెండో పక్కన నున్నటి తోలు మీదుగా సాఫీగా పోతుంది. సాఫీగా పోయిన గాలి తొందరగా బంతిని వదిలేస్తుంది. చెదిరిన గాలే ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ తేడాయే బంతిని కుట్టు చూపే దిక్కుకు నెడుతుంది. 1980ల మొదట్లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో రబీంద్ర మెహతా, ఆయన తోటివాళ్ళు విండ్ టన్నెల్‌లో క్రికెట్ బంతులను పెట్టి కొలిచారు. ఈ మెహతా తర్వాత నాసాలో పనిచేశారు, స్కూల్లో ఇమ్రాన్ ఖాన్‌కు తోటి విద్యార్థి కూడా. వాళ్ళకు తేలినది ఇది: కుట్టు సుమారు 20 డిగ్రీలు వంగి, బంతి సెకనుకు 11 సార్లు వెనక్కి తిరుగుతూ, గంటకు 110 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతున్నప్పుడు స్వింగ్ బాగా వస్తుంది.

ఇక బంతి సంగతి. మన దగ్గర డ్యూస్ బాల్ అనే ఈ తోలు బంతి బరువు 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి. కుట్టు నిక్కబొడుచుకుని ఉండాలి, ఒక పక్కయినా నున్నగా మెరవాలి. భారత్‌లో టెస్టులకు వాడే ఎస్‌జీ బంతి చేత్తో కుట్టింది, దాని కుట్టు చాలాసేపు లేచి ఉంటుంది. ఆస్ట్రేలియా కూకాబుర్రా కుట్టు తొందరగా అణిగిపోతుంది. ఊరి టోర్నమెంట్లకు చందాలేసుకుని కొనే చవక బంతుల్లో కుట్టు ఇంకా ముందే అణుగుతుంది, గుండ్రదనం కూడా పోతుంది. పైగా మనం ఆడేది చాలాచోట్ల కొబ్బరిపీచు మ్యాట్ మీద. ఆ మ్యాట్ తోలును ఆకురాయితో రాసినట్టు గీరేస్తుంది. చుట్టూ నల్లరేగడి దుమ్ము. చలికాలం పొద్దున్నే ఆడితే గడ్డి మీద మంచు. మంచుకు తడిసిన బంతి ఉబ్బుతుంది, మెరుపు పోతుంది. ఇన్ని బాధలు పడ్డ బంతి తిరగకపోతే తప్పు చేతిదెలా అవుతుంది?

పరీక్ష ఇలా చేయండి. స్వింగ్ పోయిందనుకున్న బౌలర్‌కు, అతను వార్మప్ అయ్యాక, కొత్త బంతి ఇవ్వండి. కొత్తది లేకపోతే ఒక పక్క బాగా మెరిసే బంతి ఇవ్వండి. ఏమీ మార్చకుండా ఒక ఓవర్ వేయనివ్వండి. బంతి తిరిగిందంటే చేతిలో ఏ లోపమూ లేదు, ఈ అధ్యాయం అతనికి ఇక్కడితో అయిపోయినట్టే. తిరగకపోతే పాత బంతిని ఇంకో బౌలర్‌కు, స్వింగ్ వస్తున్నవాడికి ఇవ్వండి. అతనికి తిరిగితే బంతి బాగానే ఉంది, వెతకాల్సింది ఇంకోచోట. రెండు వైపులా పరీక్షించనిదే తీర్పు చెప్పకండి.

బంతిని చూసుకోవడం జట్టంతా చేయాల్సిన పని. మ్యాచ్ మొదట్లోనే ఏ పక్క మెరిపించాలో కెప్టెన్ తేల్చాలి. ఆ పక్కను రుద్దే బాధ్యత మిడాఫ్‌లోనో మిడాన్‌లోనో ఉండే ఒక్కరికే ఇవ్వాలి. రుద్దే ముందు దుమ్ము దులపాలి, లేకపోతే ఆ దుమ్మే తోలును గీరుతుంది. ఫీల్డర్లు బంతిని నేల మీద కొట్టి విసరకూడదు. చెమట రాయొచ్చు. ఉమ్ము మాత్రం వద్దు. 2022 అక్టోబరు 1 నుంచి ఎంసీసీ నియమాల్లో దాన్ని నిషేధించారు. 2025 ఐపీఎల్‌లో ఒప్పుకున్నారు గానీ అది ఆ లీగ్ వరకే. తడిసిన బంతిని అంపైర్‌కు చెప్పి గుడ్డతో తుడుచుకోవచ్చు. గోళ్ళతో గీరడం, నేలకేసి రుద్దడం, కుట్టు లేపడం, నూనెలు రాయడం తప్పు. దీనికి ఐదు పరుగుల జరిమానా ఉంది. జరిమానా లేని ఊరి మ్యాచ్‌లో కూడా పిల్లలకు ఇది నేర్పకండి. గీరిన బంతితో తీసిన వికెట్ వాళ్ళకు తమ చేతి గురించి ఏమీ చెప్పదు.

ఇంకో చిన్న సంగతి తరచూ కళ్ళు కప్పుతుంది. ఔట్‌స్వింగ్‌కు గరుకు పక్క స్లిప్ వైపు, మెరిసే పక్క లెగ్ సైడ్ వైపు ఉండాలి. అలసిపోయి వెనక్కి నడిచే బౌలర్ బంతిని తిరగేసి పట్టుకుంటాడు. అంతే, స్వింగ్ పోతుంది. రనప్ మొదలుపెట్టే ముందు ఒక్కసారి చూసుకుంటే చాలు.

హైదరాబాద్ మాల్స్‌లో పది పిన్నుల బౌలింగ్ ఆడేవాళ్ళు, అమెరికాలో వారం వారం ఆ లీగుల్లో ఆడే మనవాళ్ళు కూడా ఇదే బాధ చెప్తారు. గాలి బదులు అక్కడ నూనె. గీత నుంచి ముందు పిన్ను దాకా 60 అడుగుల చెక్క దారి, అందులో సుమారుగా మొదటి 40 అడుగుల దాకా నూనె పూస్తారు. బంతి నూనె మీద జారి, చివర పొడి చెక్క దొరికాక పట్టు చిక్కి వంపు తిరుగుతుంది. పట్టు కోసం చేసిన రెసిన్ తొడుగు ఆట ఆడే కొద్దీ ఆ నూనెను పీల్చేసుకుంటుంది. కొన్ని నెలలకు బంతి సూటిగా పోవడం మొదలవుతుంది, మనిషి మణికట్టును తిట్టుకుంటాడు. నిజానికి ప్రతి ఆట తర్వాత గుడ్డతో తుడిచి, క్లీనర్‌తో కడిగి, అప్పుడప్పుడు షాపులో పైపొర గరుకు పట్టించుకుంటే సగం బాధ తీరుతుంది. ఇంకో రకం కూడా ఉంది. దారి మీద నూనె ఎండిపోతే బంతి ముందే పట్టు దొరికించుకుని, పిన్నుల దగ్గరికి చేరేసరికి తిరిగే శక్తి అయిపోయి ఉంటుంది. చూసేవాళ్ళకు అసలు తిరగలేదనే అనిపిస్తుంది. బంతి తిరగలేదా, తిరగాల్సిన చోట తిరగలేదా అన్నది వేరు చేసి అడగాలి. మన పిచ్ మీద కూడా ఈ ప్రశ్నే వస్తుంది.

ఎందుకంటే రెండో అనుమానితుడు లెంగ్త్. బంతి గాలిలో ఎంతసేపు ఉంటే అంత వంపు. పైగా ఆ వంపు కాలానికి తగ్గట్టు సమంగా పెరగదు, చివర్లో ఎక్కువ పెరుగుతుంది. 15 మీటర్లు ఎగిరి పడే బంతికి వచ్చిన వంపులో, 10 మీటర్లకే పడిన బంతికి సగం కూడా ఉండదు. బౌలర్‌ను ఎవరైనా రెండు ఫోర్లు కొడితే ఏం చేస్తాడు? తెలియకుండానే లెంగ్త్ వెనక్కి లాగేస్తాడు. అప్పటినుంచి స్వింగ్ పోయిందంటాడు. పోలేదు, తిరగడానికి దానికి చోటు ఇవ్వలేదు. నెట్స్‌లో బ్యాట్స్‌మన్ క్రీజుకు రెండు మూడు మీటర్ల ముందు ఒక పాత తువ్వాలు పరిచి దాని మీద వేయించండి. ఎక్కువమందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఫోర్ కొట్టించుకున్న తర్వాతి బంతిని కూడా అక్కడే వేయగలగడం ధైర్యానికి సంబంధించిన విషయం. ఆ ధైర్యాన్ని విడిగా సాధన చేయాలి, బ్యాట్స్‌మన్‌తో ముందే చెప్పి కొట్టమని అడిగి మరీ.

వేగం గురించి పిల్లల్లో ఒక తప్పు నమ్మకం ఉంది. గట్టిగా వేస్తే ఎక్కువ తిరుగుతుందనుకుంటారు. కొత్త బంతికి 110 దాటి చాలా పైకి వెళ్తే స్వింగ్ తగ్గుతూ వస్తుంది. 140 దాటాక అయితే ఎదురు దిక్కుకు కూడా మారొచ్చు. అంటే జిల్లా స్థాయిలో ఆడే కుర్రాడు ఇప్పుడు వేసే వేగమే అతనికి వరం. స్వింగ్ రాలేదని ఇంకా బలం పెట్టి వేస్తే భుజం బిగుసుకుంటుంది, మణికట్టు పక్కకు పడుతుంది, ఉన్న కాస్తా పోతుంది. మబ్బు పట్టలేదు కాబట్టి తిరగలేదనే మాట కూడా వింటుంటాం. గాలిలో తేమ పెరిగితే స్వింగ్ పెరుగుతుందని విండ్ టన్నెల్ పరీక్షల్లో తేలలేదు. మబ్బు లేని రోజు కూడా మీ పని మీరు చేయండి.

ఇప్పుడు చెయ్యి. ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు తక్కువే ఉంటారు, కానీ వాళ్ళకు కష్టం నిజమైనది.

చూడాల్సింది ఒక్కటే: చెయ్యి వదిలాక కుట్టు నిలబడి వెనక్కి తిరుగుతోందా, వణుకుతోందా. మామూలు కంటికి తెలియదు. బౌలర్ వెనక నుంచి, అంపైర్ నిలబడేచోట పక్కగా నిలబడి, ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. పాత బంతి ఒక పక్కకు తెల్ల టేపు చుడితే ఇంకా బాగా కనిపిస్తుంది. కుట్టు నిలకడగా ఉంటే మణికట్టు బంతి వెనకే ఉందని అర్థం. ఊగుతూ పోతే చూపుడు వేలు, మధ్య వేలు రెండూ సమంగా వదలడం లేదన్నమాట. బంతి అరచేతిలోకి దిగిపోయిందా చూడండి. వేళ్ళకూ అరచేతికీ మధ్య సందు ఉండాలి. బొటనవేలు కింద కుట్టు మీద ఆనాలి. పట్టు బిగిస్తే మణికట్టు కదలదు.

మన పిల్లల్లో దీనికి పెద్ద కారణం కాస్కో బాల్. ఎండాకాలమంతా గల్లీలో కాస్కో, టోర్నమెంట్ రాగానే డ్యూస్. ఆ టెన్నిస్ బంతి తేలిక, దానికి లేచిన కుట్టు లేదు. దాన్ని నొక్కి, వేళ్ళతో పక్కకు తిప్పి వేయడం అలవాటవుతుంది. అదే చెయ్యి తోలు బంతి మీద పడితే కుట్టు పక్కకు వాలుతుంది. కాస్కో ఆడొద్దని నేను చెప్పను. మన రాష్ట్రం నుంచి వచ్చిన గొప్ప బౌలర్ మొహమ్మద్ సిరాజ్ కూడా టెన్నిస్ బంతితోనే పెరిగాడు. కాకపోతే తోలు బంతి రోజూ కాసేపు చేతిలో ఉండాలి. నిలబడి, చెయ్యి పైకెత్తి, మణికట్టు ఒక్కదానితోనే బంతిని ఎదుటివాడికి కుట్టు నిలబెట్టి అందించండి. అది కుదిరాక రెండడుగులు వేసి వేయండి. అది కూడా కుదిరాకే రనప్. ఇంట్లో మంచం మీద పడుకుని పైకప్పు వైపు బంతిని ఎగరేస్తూ కూడా ఇది చేయొచ్చు.

సిరాజ్ గురించి ఇక్కడ కాస్త ఆగాలి. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రికి కొడుకు. 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఒక దశలో తన ఇన్‌స్వింగ్ ఆగిపోయిందని, అప్పుడే వాబుల్ సీమ్ మీద పనిచేశానని 2023లో ఆయనే చెప్పాడు. అది పట్టుబడటానికి సమయం పట్టిందని, నెట్స్‌లో వేయగా వేయగా నమ్మకం కుదిరిందని కూడా చెప్పాడు. వాబుల్ సీమ్ అంటే కుట్టును కావాలని వణికించడం. వేళ్ళు కాస్త ఎడంగా పెట్టి వదిలితే కుట్టు ఊగుతూ పోయి, పిచ్ మీద ఏ అంచు తగిలితే అటు పోతుంది. ఎటు పోతుందో బౌలర్‌కే తెలియదు, బ్యాట్స్‌మన్‌కు ఎలా తెలుస్తుంది? పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆసిఫ్ దగ్గర 2010లో చూసి జేమ్స్ అండర్సన్ కూడా దీన్ని పట్టుకున్నాడు. సిరాజ్ పోయినదాని కోసం యాక్షన్‌ను ముక్కలు చేయకుండా, ఉన్న యాక్షన్‌లోనే ఇంకో బంతిని కట్టుకున్నాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు, మొత్తం 21 పరుగులకు ఆరు తీసి శ్రీలంకను 50 పరుగులకే కూల్చిన రోజు, బంతి గాలిలో తిరగడం అందరం చూశాం. 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో భారత్ ఆరు పరుగులతో గెలిచినప్పుడు ఆఖరి వికెట్ ఆయనదే. స్వింగ్ ఉన్న రోజుకు స్వింగ్, లేని రోజుకు సీమ్ అనే ఏర్పాటు ఆయన దగ్గరుంది. చెయ్యి నిజంగా మారిపోయిన పిల్లలకు నేను చూపించే దారి ఇదే. స్వింగ్ తిరిగి వచ్చేదాకా వికెట్ తెచ్చే రెండో బంతి ఒకటి చేతిలో ఉండాలి.

ఆఖరిది ఒళ్ళు. గుర్తు పట్టడం కష్టం కాదు. మొదటి స్పెల్‌లో స్వింగ్ ఉండి నాలుగో ఓవర్‌కు పోతుంటే, అదే పాత బంతి తాజాగా వచ్చిన బౌలర్‌కు తిరుగుతుంటే, కాళ్ళు అలసిపోయాయి. ముందు చెయ్యి తొందరగా కిందికి పడుతుంది, దానితో భుజం వాలుతుంది, మణికట్టు పక్కకు పోతుంది. దీనికి మందు బౌలింగ్ కాదు. పరుగు, నిద్ర, తిండి, ఓవర్ల లెక్క. నడుములో గానీ భుజంలో గానీ నొప్పి ఉంటే ఆ రోజే ఆపేయాలి. ఎదిగే వయసు ఫాస్ట్ బౌలర్లకు వెన్నెముకలో చిన్న పగుళ్ళు రావడం ప్రపంచమంతా ఉన్న సమస్య. తైలం రాసి ఆడించే అన్నలను చేతులు జోడించి వేడుకుంటున్నాను, ముందు డాక్టర్‌కు చూపించండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజం గాయమైంది. చాలా కాలం బాక్సింగ్ రింగుకు దూరంగా ఉండాల్సి వచ్చింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, మరుసటి ఏడు ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. భుజానికి సమయం ఇచ్చింది కాబట్టే ఆ భుజం ఆమెకు తిరిగి పనిచేసింది.

ఈ వరుసంతా పాటించేటప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఏ బంతి, ఎన్నో ఓవర్, మ్యాటా మట్టా, ఏం మార్చారు, ఏమైంది. ఒక రోజుకు ఒక్క మార్పే. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. సలహా కూడా ఒక్కరి దగ్గరే తీసుకోండి. మిగతావాళ్ళకు, "అన్నా, ఈ వారం మా సార్ చెప్పినదొక్కటే చేస్తున్న, అయినంక నీ దగ్గరికే వస్త" అని చెప్తే ఎవరూ బాధపడరు. చెప్పి, నిజంగానే వెళ్ళండి. వాళ్ళలో ఒకరి దగ్గర మీకు పనికొచ్చే మాట ఉండొచ్చు.

మ్యాచ్ రోజు మాత్రం మరమ్మతు పెట్టుకోకండి. మొదటి రెండు ఓవర్లలో బంతి తిరగకపోతే మెరిసే పక్క సరిగ్గా ఉందో, లెంగ్త్ ముందుకే పడుతోందో ఈ రెండే చూసుకోండి. అప్పటికీ తిరగకపోతే దాన్ని ఆ రోజుకు వదిలేయండి. ఆఫ్ స్టంప్ పైభాగానికి తగిలేలా సీమ్ నిలబెట్టి వేయండి, ఆరు బంతులకు ఒకసారి వేళ్ళతో బంతిని కోసినట్టు కటర్ వేయండి, స్లిప్‌లో ఉన్న ఒకరిని తీసి మిడ్ వికెట్‌లో పెట్టమని కెప్టెన్‌ను అడగండి. నోట్‌బుక్ తెరవడం మ్యాచ్ అయ్యాక, నెట్స్‌కు వెళ్ళే రోజు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి, అంటే బంతి నుంచి.